విస్తట్లో వడ్డించని చోటు

మొన్న రాయ్‌పూర్లో టాటీబంధ్ దగ్గర ఒక మ్యారేజ్ గార్డెన్‌లో పెళ్ళికి వెళ్ళాను. మా ఆఫీసులో నా పక్క సీటతని కూతురి పెళ్ళి. భోజనాల దగ్గర లైన్లో నిలబడితే చేతికి అట్టప్లేటు ఒకటి ఇచ్చారు. దాని మీద పచ్చగా విస్తరాకు బొమ్మ అచ్చేసి ఉంది. ఆకుల ఈనెలు, కుట్లు, కుట్టిన పుల్లల చివర్లు, అన్నీ ఉన్నాయి. ఆకు మాత్రం లేదు. నవ్వాలో, కేటరింగ్ వాణ్ణి పిలిచి నాలుగు పెట్టాలో తోచలేదు. పిన్ని ఉంటే పెట్టేది. అదీ ఛత్తీస్‌గఢీలో పెట్టేది. తిట్టు ఆ భాషలో అయితేనే ఒంటికి తగులుతుందని ఆవిడ నమ్మకం.

ఆవిడ నాకు సొంత పిన్ని కాదు. రాయ్‌పూర్ రైల్వే కాలనీలో మా వెనక లైన్లో ఉండేది. తెలుగువాళ్ళకు పిన్ని, మిగతా ఊరంతటికీ మౌసీ. పేరుతో పిలిచేవాళ్ళు చివరికి ఎవరూ మిగల్లేదు, కనుక నేనూ ఇక్కడ పేరు రాయను. ఒక ఆసుపత్రిలో మనసు డాక్టర్ల దగ్గర కౌన్సిలర్‌గా చేసేది. "అంటే ఏం చేస్తారు పిన్నీ?" అని కాలనీలో ఎవరైనా అడిగితే "విస్తళ్ళు కుట్టిస్తాను" అనేది. ఎగతాళి అనుకునేవాళ్ళు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

ఆవిడకి కుర్చీ అంటే పడదు. ఎవరింటికి వెళ్ళినా గోడకి ఆనుకుని, ఒక మోకాలు పైకి పెట్టి నేల మీద కూర్చునేది. కళ్ళజోడు నల్ల తాడుతో మెడలో వేలాడుతుండేది, కానీ అవసరమైనప్పుడల్లా దానికోసం ఇల్లంతా వెతికేది. ఇంకొకటి, చావు ఇంట్లో ఎవరైనా "ఏడవకమ్మా, ఊరుకో" అన్నారంటే వాళ్ళ పని అయిపోయినట్టే. "ఏం, ఏడిస్తే నీ సొమ్మేం పోయింది? ఆవిడ మొగుడు, ఆవిడ ఏడుపు. నీకు చూడ్డం కష్టంగా ఉంటే వెళ్ళి గేటు దగ్గర నిలబడు" అని అందరి ముందూ కడిగేసేది. పలకరింపుకని వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది అలా గేటు దగ్గర నిలబడ్డారు. మా అమ్మ కూడా ఒకసారి నిలబడింది.

నేను ఆవిడ వెనక తిరగడం మొదలుపెట్టింది నా స్కూటీ వల్ల. ఊరి చివర ఉర్లాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఫర్నేసు పేలి కొందరు కూలీలు పోయారు. పోయినవాళ్ళలో శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళున్నారు, ఇక్కడి పల్లెలవాళ్ళున్నారు, దక్షిణాన అడవుల నుంచి వచ్చిన గోండులున్నారు. కుటుంబాలన్నీ పక్కనే బీర్‌గావ్‌లో, ఇరుకు గదుల్లో. ఆటోవాళ్ళతో గొడవపడి అలిసిపోయిన పిన్ని ఒక ఆదివారం మా గుమ్మంలో నిలబడి "ఏమే పిల్లా, బండి ఖాళీయేనా?" అంది. అప్పటికి నాకు నలభై దాటాయి. ఆవిడకి పిల్లనే.

మేం వెళ్ళేసరికి అక్కడ ఏదో సంస్థవాళ్ళు క్యాంపు పెట్టారు. మంచివాళ్ళే, చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఒక గదిలో బల్ల, అటొక కుర్చీ, ఇటొక కుర్చీ. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, "మీకెలా అనిపిస్తోంది?" అని హిందీలో అడిగి రాసుకుంటున్నారు. నవ్వే మొహం దగ్గర్నుంచి ఏడ్చే మొహం దాకా వరసగా బొమ్మలున్న కాగితం ముందు పెట్టి, మీది ఏదో చూపించమంటున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన అప్పలనరసమ్మ అనే ఆవిడ, మొగుడు పోయినావిడ, ఆ కాగితాన్ని కాసేపు చూసి ఎడమచేతి బొటనవేలు ముందుకి చాపింది. వేలిముద్ర వెయ్యమంటున్నారనుకుంది. గోండు ముసలావిడ ఫుల్‌బాయి, కొడుకు పోయినావిడ, తన పేరు పిలవగానే వెనకదారిన వెళ్ళిపోయింది. "ఈ మద్రాసీలూ, ఈ జంగ్లీలూ అంతే. వీళ్ళకి బాధ ఆలస్యంగా ఎక్కుతుంది" అన్నాడు క్యాంపులో ఒకాయన, చాయ్ తాగుతూ. నల్లగా ఉన్నవాళ్ళందరినీ ఒకే గాటన కట్టెయ్యడం మా ఊళ్ళో కొత్త కాదు. స్కూల్లో నన్నూ అలాగే పిలిచేవాళ్ళు.

పిన్ని ఆయన్ని తిట్టలేదు. నాకు ఆశ్చర్యమేసింది. తిరిగొస్తుంటే వెనక సీటు మీంచి నా చెవిలో అరుస్తూ చెప్పింది: "ఒంటరిగా గదిలోకి పిలిచి, ఎదురుగా కుర్చీలో కూర్చుని, చెప్పిందల్లా కాగితం మీద రాసుకునేవాడు వీళ్ళ లెక్కలో ఎవడే? పోలీసు ఠాణేదారు. కాకపోతే కూలీల ఠేకేదారు. వాడి ముందు ఎవరన్నా గుండె విప్పుతారా? ఆ ఫుల్‌బాయిని వాళ్ళ ఊళ్ళో అలా ఎన్నిసార్లు పిలిచారో ఎవరికి తెలుసు!"

అప్పలనరసమ్మ సంగతే అందరికీ భయంగా ఉండేది. మొగుడు పోయి నెలలు గడిచినా ఆవిడ ఏడవలేదు. మాట్లాడలేదు కూడా. రోజూ పొద్దున్నే లేచి వండి, మొగుడి క్యారియర్ సర్ది, గుమ్మం పక్కన పెట్టేది. సాయంత్రం దాన్ని తీసి కడిగేది. చిన్న కూతురు ఆకలేసి ఆ క్యారియర్ ముట్టుకుంటే చెయ్యి మీద కొట్టేది. మాటలన్నీ పోయినా ఆ దెబ్బ మాత్రం ఉంది. పిల్లని ఊరికి పంపించెయ్యండి, ఈవిణ్ణి పిచ్చాసుపత్రిలో పెట్టండి అని చుట్టుపక్కలవాళ్ళు తీర్మానం చేసేశారు. అత్తగారి ఊరి నుంచి పిల్ల కోసం మనిషి బయల్దేరుతున్నాడని కబురు కూడా వచ్చింది. పిన్ని ఆసుపత్రి కాగితం ఏదీ కదపలేదు. "ఆ మనిషిని కొన్నాళ్ళు ఆగమనండి" అని మాత్రం ఫోన్లో చెప్పింది.

ఆ ఫోన్ చేసిన మరుసటి ఆదివారం బజార్లో అడ్డాకులు రెండు పెద్ద కట్టలు కొని నా స్కూటీ ముందు పెట్టింది. అడ్డాకు అంటే అడవిలో తీగకి వచ్చే, రెండు చెక్కలుగా ఉండే వెడల్పాటి ఆకు. ఇక్కడ దాన్ని మాహుల్ అంటారు. శ్రీకాకుళం వైపు విస్తళ్ళు దాంతోనే కుడతారు, ఇక్కడి అడవుల్లో పతరీలనే విస్తళ్ళూ దాంతోనే. ఆ కట్టల మీంచి నాకు రోడ్డు కనబడక టాటీబంధ్ చౌరస్తాలో లారీవాడితో తిట్లు తిన్నాను.

కూర్చోడానికి చోటు దొరకలేదు. తెలుగువాళ్ళ సంఘం హాలు అడిగితే "పెళ్ళిళ్ళు జరిగే హాల్లో చావు విస్తళ్ళేమిటండీ, అశుభం" అన్నారు. పిన్ని వాదించలేదు. మూతపడ్డ రైస్ మిల్లు వరండా ఒకటి చూసింది. అక్కడ ఆకులు గుమ్మరించి, చీపురుపుల్లలు విరిచి పెట్టి, తను ఒక ఆకు తీసుకుని కుట్టడం మొదలుపెట్టింది. రమ్మని ఎవరినీ పిలవలేదు. ఏమీ అడగలేదు. ఆవిడ కుట్టు చాలా అధ్వానంగా ఉండేది. రెండు ఆకులు కలిపేలోపు మూడోది చీలిపోయేది. చూడలేక ఒకామె వచ్చి లాక్కుంది. ఆమె వెనక ఇంకొకామె. ఫుల్‌బాయి గోడ చాటు నుంచి కాసేపు చూసి, వచ్చి దూరంగా కూర్చుని, చకచకా కుట్టి పడేసింది. అప్పలనరసమ్మని కూతురు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆకుని చూడగానే ఆవిడ వేళ్ళు కదిలాయి. మొహంలో ఏమీ లేదు, వేళ్ళు మాత్రం పని చేసుకుపోయాయి.

చేతులు పనిలో ఉంటే ఎవరూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు. ఒకరు మాట్లాడితే మిగతావాళ్ళు ఆకు వంక చూస్తూ వింటారు. రెండు మూడు ఆదివారాలకి మాటలు వాటంతటవే వచ్చాయి. తెలుగు, ఛత్తీస్‌గఢీ, గోండీ, అన్నీ కలిసిపోయి. అర్థం కానిచోట పిన్ని అటూ ఇటూ అందించేది. చివర్లో ప్రతివాళ్ళూ ఒక విస్తరి ఎక్కువ కుట్టాలి, పోయినవాళ్ళ కోసం. అప్పుడు పిన్ని తన ఒకే ఒక్క ప్రశ్న అడిగేది: "మీవాడికేం ఇష్టం?"

ఎలా పోయాడు అని గానీ, నీకెలా ఉంది అని గానీ ఆవిడ అడగడం నేనెప్పుడూ వినలేదు. ఏం ఇష్టమో చెప్పాలి, అంతే. వచ్చే ఆదివారం అది వండి తేవాలి. ఆ విస్తట్లో వడ్డించి, అతను అది ఎలా తినేవాడో, ఏం వంకలు పెట్టేవాడో చెప్పాలి. తర్వాత అందరూ దాన్నే తలో ముద్దా తినాలి. పెద్ద ముత్తయిదువ ఒకావిడ అభ్యంతరం చెప్పింది. పోయినవాళ్ళ విస్తరి కాకికి పెట్టాలి గానీ మనుషులు తింటారా అని. "కాకికి ముందు పెడదాం. తర్వాత మనం తిందాం. కాకి కంటే మనమేం తీసిపోయాం?" అంది పిన్ని. ఆ ముత్తయిదువ నవ్వేసింది. అలా ఆ పద్ధతి నిలబడిపోయింది.

ఫుల్‌బాయి వంతు వచ్చింది. కొడుక్కి సుక్సీ వంకాయ ఇష్టం. సుక్సీ అంటే ఎండుచేప. పిన్నిది గుడ్డు వాసన కూడా తగలని ఇల్లు. కాలనీలో చేపల బుట్ట వస్తే ఆవిడ వదినలు కిటికీలు మూసేవాళ్ళు. ఏం చేస్తుందా అని నేను చూస్తూ కూర్చున్నాను. మొదటి ముద్ద ఆవిడే కలిపింది. నెమ్మదిగా తిని, వేళ్ళు నాకి, "అచ్ఛా హై" అంది. ఫుల్‌బాయి మొహం చూడాలి అప్పుడు! దారిలో అడిగాను, "ఎలా తిన్నారు పిన్నీ?" అని. "అది వాడి విస్తరే. మధ్యలో నా నాలుకతో పనేమిటి?" అంది. ఆ మాట అప్పుడు నాకెంత గొప్పగా అనిపించిందో. నలుగురికీ చెప్పుకున్నాను. ఇప్పుడదే మాట ఎవరికీ చెప్పలేకపోతున్నాను.

ఆ రోజే ఇంకొకటి జరిగింది. అందరి తర్వాత విస్తరి అప్పలనరసమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. మొహం చిట్లించింది.

"పులుపు సాల్నేదు" అంది. "ఇలగొండితే మా ఆయన కంచం ఇసిరీసీవోడు."

నెలల తర్వాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. ఫుల్‌బాయి "కా కహత్ హే?" అని అడిగింది, ఏమంటోందని. పులుపు తక్కువైందట అని పిన్ని చెప్పగానే ముసలావిడకి కోపమొచ్చింది. "మీ ఆయనకి కూడా ఎండుచేపా?" అని అడిగించింది పిన్ని చేత.

"నెత్తళ్ళు," అంది అప్పలనరసమ్మ. "వంకాయెట్టి, సింతపండు బాగా ఎయ్యాల. క్యారియర్లో అదుంటేనే డ్యూటీకి ఎల్తాను, నేపోతే ఎల్లనని పేచీ ఎట్టీవోడు. ఆ పొద్దు నాను..."

అక్కడ ఆగిపోయింది. ఆ పొద్దు నెత్తళ్ళు పెట్టింది. పెట్టింది కనకే వెళ్ళాడు. ఇన్ని నెలలూ ఆవిడ ఆ క్యారియర్ ముందు కూర్చున్నది అందుకన్నమాట. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు విని మిల్లు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు. ఎవరో "ఊరుకో తల్లీ" అనబోయారు. "నువ్వూరుకో" అంది పిన్ని. ఫుల్‌బాయి జరిగి జరిగి వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. ఓదార్చలేదు. తనూ ఏడ్చింది, కాస్త పెద్దగానే. కూతురు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఆ విస్తట్లో మిగిలింది తినేసింది. అప్పలనరసమ్మ ఆ చేతి మీద కొట్టలేదు.

తర్వాత ఆ పిల్ల ఎక్కడికీ వెళ్ళలేదు. అత్తగారి ఊరి మనిషి వచ్చి, నెత్తళ్ళ కూరతో భోంచేసి, ఒక్కడే రైలెక్కాడు.

ఆదివారాలు ఏళ్ళ తరబడి సాగాయి. కొత్త చావులు, కొత్త మనుషులు. ఆసుపత్రిలో పైవాళ్ళు "మేడమ్ పిక్నిక్ నడుపుతున్నారు" అని వేళాకోళం చేసేవాళ్ళు. ఆవిడ రిటైరయ్యాక ఆ వేళాకోళం కూడా ఆగిపోయింది, ఎవరికీ గుర్తులేక. అడ్డాకుల కట్టలు మాత్రం నా బండి మీద వెళ్తూనే ఉండేవి.

పొద్దున్నే బయల్దేరినప్పుడు దారిలో పోహా, జిలేబీ దగ్గర బండి ఆపేదాన్ని. "నువ్వు తిను, నాకొద్దు" అనేది. బలవంతం చేస్తే నా ప్లేట్లోంచి ఒక చెంచా. మక్కపొత్తు కొంటే సగం విరిచి పక్కన ఆడుకునే పిల్లలకిచ్చేది. వాళ్ళింటికి వెళ్తే అన్నం, మజ్జిగ, వదిన పంపిన ఏదో కూర. ఒకసారి నవ్వుతూనే అడిగాను, "అందరినీ అడుగుతారు, మీకేం ఇష్టం పిన్నీ?" అని. కళ్ళజోడు వెతుక్కుంటూ "చలో, ఫాల్తూ మాటలు ఆపి బండి తియ్యి" అంది. కళ్ళజోడు మెడలోనే ఉందని చెప్పి బండి తీశాను.

కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం రాయ్‌పూర్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రైస్ మిల్లు వరండా ఖాళీ. పిన్ని ఇంట్లో కూర్చుని అందరికీ ఫోన్లు చేసేది. "ఏం వండావు ఇవాళ?" అని. ఒకరోజు దగ్గుతూ చేసింది. తర్వాత ఆవిణ్ణి తీసుకెళ్ళారు. తర్వాత ఆవిడ మేనల్లుడు ఫోన్ చేశాడు. సంచీలో చుట్టి నేరుగా కాల్చేశారని, తనని కూడా దూరంగా నిలబెట్టారని, ఎవరూ రావద్దని. మొహం ఎవరూ చూడలేదు. పలకరింపు లేదు, పదకొండో రోజు లేదు, నలుగురు కూర్చున్నది లేదు, ఒక్క విస్తరి లేదు. ఎంతమంది చావుని ఆవిడ నలుగురిలోకి తెచ్చి కూర్చోబెట్టిందో! ఆవిడ చావు మాత్రం ఎవరికి వాళ్ళం తలుపులేసుకుని ఏడ్చాం. నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఊరుకో అనడానికి కూడా ఎవరూ లేరు.

బయటికి రానిచ్చిన మొదటి ఆదివారం ముందు అప్పలనరసమ్మ ఫోన్ చేసింది.

"మిల్లు కాడికి అందరం ఒస్తన్నాం. ఆకులు నువ్వు తే. పిన్ని ఇస్తరి కుడదుము. పిన్నికేటిష్టమమ్మా? నాను వొండుతాను."

నాకు తెలియదు. ఎన్నేళ్ళు నా వెనక సీటు మీద కూర్చుందో. మేనల్లుణ్ణి అడిగాను. "అత్తకా? ఏమో అక్కా, అన్నీ తినేది" అన్నాడు. వదినల్ని అడిగాను. ఒకావిడ మజ్జిగంది, ఒకావిడ అబ్బే మజ్జిగ ఇష్టం మా ఆయనకి, ఆవిడ గిన్నె ఖాళీ చేసేదంతే అంది. ఆసుపత్రి వాళ్ళని అడిగాను. చాయ్ అన్నారు. చాయ్ ఎవరు తాగరు?

ఆ ఆదివారం వరండా నిండిపోయింది. ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతివాళ్ళూ తమకి తెలిసింది తెచ్చారు. ఫుల్‌బాయి సుక్సీ వంకాయ తెచ్చింది, మౌసీ నా వంట వేళ్ళు నాకి తింది, కాబట్టి ఇదే ఆవిడకిష్టమని పట్టుబట్టింది. ఇంకొకామె తన తమ్ముడికిష్టమైన పనసపొట్టు. ఒకామె పోయిన కూతురి కోసం ఎప్పుడూ చేసే పాలతాలికలు. అన్నీ పిన్ని తిన్నవే. అన్నీ వేరేవాళ్ళవే. అప్పలనరసమ్మ పెద్ద విస్తరి కుట్టి, ఒక్కొక్కటీ వడ్డించుకుంటూ వచ్చి, ముందు వైపు అరచేయంత చోటు దగ్గర ఆగింది. ఎవరో అక్కడ పచ్చడి వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇయ్యన్నీ మనోలియి. పిన్నిది నేదు. తెలిసిన్నాడు వడ్డిద్దుము."

కాకి వచ్చింది, తింది, పోయింది. దానికేం తేడా తెలియలేదు. ప్రతి ఏడూ ఇప్పుడు అలాగే జరుగుతోంది. చుట్టూ అన్నీ, ఆ చోటు ఖాళీ.

మొన్నటి పెళ్ళిలో ఆ అట్టప్లేటు పట్టుకుని నిలబడి ఉండగా ఒక పెద్దాయన పలకరించాడు. పిన్నికి పెదనాన్న కొడుకు. రైల్వేలో గార్డుగా చేసి విజయనగరం వెళ్ళిపోయినాయన, పెళ్ళికని వచ్చాడు. చిన్నప్పుడు ఒకే ఇంట్లో పెరిగారట. నాకు ప్రాణం లేచొచ్చింది. ఈయనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"మావయ్యగారూ, పిన్నికి తినడానికి ఏమిష్టమండీ?"

ఆయన మొహం వెలిగిపోయింది. "దానికా? ఏం పెట్టినా తినేదమ్మా. ఒక్కనాడు వంక పెట్టి ఎరగదు. మేమందరం తిన్నాక ఆఖర్న కూర్చునేది, గిన్నెలో ఏముంటే అదే. బంగారుతల్లి!"

ఆ పొగడ్తకి నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దాయన, పెళ్ళివారిల్లు, ఏమంటాం. "ఏదో ఒకటి ఉంటుంది కదండీ, కాస్త గుర్తు తెచ్చుకోండి" అని బతిమాలాను. పాపం, నిజంగానే ఆలోచించాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఆ వెలుగు మొహంలోంచి పోయింది.

"అడగలేదమ్మా ఎప్పుడూ" అన్నాడు. చేతిలో గులాబ్ జామూన్ కప్పు అలాగే పట్టుకుని అటు వెళ్ళి కూర్చున్నాడు.

ఇంటికొచ్చి అప్పలనరసమ్మకి ఫోన్ చేశాను. వచ్చే ఆదివారమే ఈ ఏటి పిన్ని విస్తరి. పెద్దాయన కనిపించిన సంగతి చెప్పాను.

"మరేటన్నాడు? సెప్పేడా?" అంది ఆత్రంగా. వెనకాల గిన్నెల చప్పుడు ఆగింది.

"లేదు. ఆయనకీ తెలియదట."

గరిటె తీసుకున్న చప్పుడు వినబడింది.

"అయితే ఈ ఏడు కూడా ఆ సోటు అలగే ఉంచుదుము" అంది.